పాత స్టీరియోకు మారు ట్రాన్సిస్టరు

మన పల్లెలలో ట్రాన్సిస్టరు అనగా రేడియోయే. మిరప కోతకు పోవు కూలి చేతిలోనో, ప్రత్తి చేని గట్టున చెట్టుకొమ్మకు వ్రేలాడుచునో కనిపించిన ఆ చిన్న పెట్టెను ట్రాన్సిస్టరని పిలిచిరి గాని, నిజమునకు ఆ పేరు పెట్టెది కాదు. పెట్టెలోపల కందిగింజంత ఉండు ఒక వస్తువుది. భాగము పేరు మొత్తమునకు వచ్చుట మన భాషకు క్రొత్త కాదు. నేటి ప్రసంగము ఆ కందిగింజను గురించి. నలుబది, ఏబది యేండ్ల క్రిందట కొనిన స్టీరియో యాంప్లిఫయరులో అది చెడిపోయి, సరిగా అదే నెంబరుది బజారులో దొరకనప్పుడు దాని స్థానమున దేనిని ఉంచవచ్చును, దేనిని ఉంచరాదు అనునది విషయము.

ఇది మెకానిక్కుల పని గదా, గృహస్థులకు దీనితో ఏమి నిమిత్తమని కొందరు అడుగవచ్చును. చిలకలూరిపేట ప్రాంతమునుండి ఒక శ్రోత మాకు వ్రాసిన లేఖయే దీనికి సమాధానము. ఆయన తండ్రిగారు ప్రత్తి బాగుగా పండిన ఒక యేడు యాంప్లిఫయరును, రెండు పెద్ద స్పీకర్లను, టేపు రికార్డరును కొన్నారట. ఆ తండ్రిగారు ఊరి నాటకములలో వేషము కట్టి పద్యములు పాడినవారు. ఆ పద్యములు కొన్ని క్యాసెట్లలో నిలిచియున్నవి. ఇప్పుడు యాంప్లిఫయరులో ఎడమవైపు మూగవోయినది. సమీప పట్టణములోని ఒక దుకాణమువారు మూత తీసి చూచి, "ఈ ట్రాన్సిస్టరు ఇప్పుడు రాదండీ, పాత సామాను క్రింద ఇచ్చివేయండి" అని సెలవిచ్చినారట. ఇచ్చివేయవలెనా అని ఆయన ప్రశ్న. ఆ పద్యములను వేరొక యంత్రముమీద వినవచ్చును. విని, త్వరగా క్రొత్త పద్ధతిలో నకలు తీసి ఉంచుకొనుట కూడ మంచిదే. కాని తండ్రి కూర్చుండి విన్న పెట్టెలోనుండియే ఆ గొంతు వినవలెనని కుమారుడు కోరుకొనుటలో అసంగతమేమియు లేదు. ఇచ్చివేయవలదని మా సమాధానము. "ఆ నెంబరు రాదు" అను మాట నిజమే కావచ్చును. "కనుక పని జరుగదు" అనునది మాత్రము నిజము కాదు.

వాల్వుల కాలములో ఈ చిక్కు ఇంతగా లేదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన నాడు మన సీమలో ఉన్నవన్నియు వాల్వు రేడియోలే. వాల్వు మాడినచో దానిని ఊడబెరికి, అదే నెంబరు వాల్వును అదే గూటిలో గ్రుచ్చెడివారు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అను శాస్త్రజ్ఞులు మొదటి ట్రాన్సిస్టరును 1947 డిసెంబరులోనే పనిచేయించి చూపిరి; వారికిని, వారితో కలసి ఆ పరిశోధనలో ఉన్న షాక్లీకిని 1956లో నోబెల్ బహుమతి వచ్చినది. మన దేశములో బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1954లో ఏర్పడి, 1960 దశకములో ట్రాన్సిస్టర్ల తయారీలో ప్రవేశించినది. 1964లో ఢిల్లీలో కాంటినెంటల్ డివైస్ ఇండియా సంస్థ సిలికాను ట్రాన్సిస్టర్ల తయారీకి పూనుకొన్నది. ఒంగోలు జిల్లా ఏర్పడిన 1970వ సంవత్సరము, దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిన 1972వ సంవత్సరము నాటికి మన పట్టణములలో స్టీరియోలు ఒకటొకటిగా కనిపించసాగినవి. తెల్లదోమ విజృంభించి ప్రత్తి రైతును నేలగూల్చిన 1987-88కి పూర్వము, చేతిలో నాలుగు డబ్బులాడిన సంవత్సరములలో, కొనిన యంత్రములు ఎన్నియో నేటికిని మన ముందు గదులలో గుడ్డ కప్పుకొని ఉన్నవి. ట్రాన్సిస్టరును గూటిలో గ్రుచ్చరు. దాని మూడు కాళ్లను పలకకు సీసముతో అతికెదరు. పైగా ఒక్కొక్క దేశము, ఒక్కొక్క సంస్థ తన తన నెంబర్లు వేసికొన్నది. చిక్కంతయు ఇందుండియే వచ్చినది.

మొదట తేల్చుకొనవలసినది, చెడిపోయినది నిజముగా ట్రాన్సిస్టరేనా అనునది. మన ప్రాంతమునకు ప్రత్యేకమైన శత్రువులు కొన్ని కలవు. మిరప కళ్లముల కాలములో ఎఱ్ఱని దుమ్ము ఇంటింట దూరును. అది వాల్యూము త్రిప్పు మీట లోపల చేరి, త్రిప్పినప్పుడెల్ల గరగరమను శబ్దము తెచ్చును. కొన్నిసార్లు ఒకవైపు పాటను పూర్తిగా ఆపివేయును. జిన్నింగు మిల్లుల చేరువనున్న ఇండ్లలో దూది నూగు వచ్చి, యాంప్లిఫయరు వెనుకనుండు అల్యూమినియపు రెక్కలకు పట్టుకొని గాలిని అడ్డగించును. వెచ్చదనము కొఱకు బల్లి లోపల దూరి రెండు తీగెలమధ్య ప్రాణము విడుచుట మెకానిక్కులందరికిని తెలిసిన కథ. ఎలుక స్పీకరు తీగెను కొరికినచో లోపలి రాగి తీగెలు ఒకదానికొకటి తగులును. ఇక పాతబడిన కండెన్సర్లు లోపలి ద్రవము ఎండి, శబ్దమును సన్నగిల్లజేయును. వీనిలో ఏ యొక్కటియు ట్రాన్సిస్టరు దోషము కాదు. మొదట రెండు స్పీకర్ల తీగెలను, యంత్రమును ఆపి, అటుది ఇటు ఇటుది అటు మార్చి చూడవలెను. మూగతనము స్పీకరుతోపాటు కదలినచో దోషము స్పీకరుది. కదలక అదే వైపున నిలిచినచో దోషము యాంప్లిఫయరుది, లేదా దానికి ముందున్న యంత్రముది. ఇంతవరకు గృహస్థుడే చేసికొనవచ్చును. మూత మాత్రము తీయరాదు. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ లోపలి పెద్ద కండెన్సర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. దానిని తగిన రెసిస్టెన్సు ద్వారా దింపిన పిమ్మటనే చేయి పెట్టవలెనని పని తెలిసినవాడెరుగును.

స్టీరియోలో ఒక గొప్ప సదుపాయము కలదు. దానిలో కుడి యెడమలు కవల పిల్లలు. ఎడమవైపున ఉన్న ప్రతి వస్తువునకు కుడివైపున సరియైన జోడు ఉండును. ఆ యంత్రపు పటము దొరకలేదని చింతించనక్కరలేదు. పనిచేయుచున్న వైపే పటము. మంచి మెకానిక్కు ఆరోగ్యముగా ఉన్న వైపు ట్రాన్సిస్టరు మూడు కాళ్లమీద ఎన్నెన్ని వోల్టులున్నవో కాగితముమీద వ్రాసికొని, తరువాత చెడిన వైపు కొలిచి, ఎక్కడ తేడా వచ్చినదో చూచును. ఆ కాగితము వ్రాయని మెకానిక్కు ఎంత వేగముగా పనిచేసినను మాకు అంతగా నమ్మకము కలుగదు. యంత్రమును ఆపి, మల్టీమీటరుతో ట్రాన్సిస్టరును పరీక్షించునప్పుడు, సిలికానుదైనచో బేసునుండి తక్కిన రెండు కాళ్లకును ఒక దిశలో 0.6 వోల్టు ప్రాంతమున చూపి, రెండవ దిశలో ఏమియు చూపకూడదు. ఎమిటరునకు కలెక్టరునకు మధ్య రెండు దిశలందును సున్న చూపినచో అది లోపల కరగి ఏకమైనదన్న మాట. కలెక్టరనగానే జిల్లా కచేరీ గుర్తుకు వచ్చునేమో. ఇక్కడ కలెక్టరనునది ట్రాన్సిస్టరు మూడు కాళ్లలో ఒకదాని పేరు. ఇచ్చటను వసూళ్లు అతనివే.

ట్రాన్సిస్టరు మాడినదని తేలిన పిమ్మట వెంటనే క్రొత్తది వెదకుటకు పోరాదు. అది ఏల మాడినదో ముందు తెలియవలెను. స్పీకరు వద్దనుండు చివరి ట్రాన్సిస్టరు ఒంటరిగా పోవుట అరుదు. దానిని నడిపించు చిన్న ట్రాన్సిస్టరు, దాని ఎమిటరు వద్ద కాపలాగా ఉండు తక్కువ విలువ గల రెసిస్టెన్సు, ఒక డయోడు, వీనిలో ఒకటి రెండైనను దానితో సహగమనము చేసియుండును. అవి చూడక క్రొత్త ట్రాన్సిస్టరు నతికినచో రెప్పపాటులో అదియు పోవును. వ్యవసాయ మోటార్లు నడచుచున్నంతసేపు ఊరి కరెంటు నీరసించి, మోటార్లన్నియు ఒకేసారి ఆగినప్పుడు ఎగసిపడుట మన పల్లెలలో చూచినదే. ఆ పోటు కూడ లెక్కలోనికి రావలెను.

ఇప్పుడు నెంబర్ల సంగతి. యూరపు పద్ధతిలో మొదటి అక్షరము పదార్థమును తెలుపును. ఏ అనగా జెర్మేనియము, బి అనగా సిలికాను. రెండవ అక్షరము వృత్తిని తెలుపును: సి అన్నచో చిన్న ధ్వని పని, డి అన్నచో పెద్ద ధ్వని పని, ఎఫ్ అన్నచో రేడియో తరంగముల పని. కనుక ఏసి 128 అనగా జెర్మేనియముతో చేసిన చిన్న ధ్వని ట్రాన్సిస్టరు. ఏడి 149 జెర్మేనియముతో చేసిన పెద్దది. బిసి 148 సిలికానుతో చేసిన చిన్నది. బిఎఫ్ 194 రేడియో తరంగములది. ఈ పద్ధతికి పూర్వపు ఓసి 71, ఓసి 72 మొదలైనవి జెర్మేనియపు వృద్ధులు. అమెరికా పద్ధతిలో 2ఎన్ అని మొదలగును. దానివలన అది ట్రాన్సిస్టరని తప్ప మరేమియు తెలియదు. జపాను పద్ధతి మర్యాదగలది. 2ఎస్‌ఏ, 2ఎస్‌బి అన్నచో పిఎన్‌పి జాతి. 2ఎస్‌సి, 2ఎస్‌డి అన్నచో ఎన్‌పిఎన్ జాతి. అయితే వస్తువుమీద 2ఎస్ అను రెండక్షరములను ముద్రింపరు. సి 1815 అని మాత్రమే కనిపించిన దానిని 2ఎస్‌సి 1815 అని చదువుకొనవలెను. దీనిని తెలియక ఆ నెంబరు పుస్తకములో లేదని త్రిప్పి పంపినవారు కలరు.

మార్పిడిలో దాటరాని గీటు జాతి. ఎన్‌పిఎన్ స్థానమున ఎన్‌పిఎన్, పిఎన్‌పి స్థానమున పిఎన్‌పి. రెండవది పదార్థము. ఇక్కడనే పెక్కుమంది పొరబడుదురు. జెర్మేనియపు ట్రాన్సిస్టరు మేలుకొనుటకు బేసువద్ద 0.2 లేక 0.3 వోల్టు చాలును. సిలికానునకు 0.6 లేక 0.7 వోల్టు కావలెను. పాత యంత్రములో ఏసి 128 తీసి దాని స్థానమున సిలికాను పిఎన్‌పి నొకదానిని పెట్టినచో అది పాడకపోదు, పాడును. కాని ముందటి ఏర్పాటు ఇచ్చు 0.2 వోల్టు దానికి చాలక సగము నిద్రలోనుండి, చిన్న శబ్దములలో గొంతు బొంగురుపోవును. పెద్దగా పెట్టినప్పుడు బాగున్నట్లు తోచి, రాత్రివేళ నెమ్మదిగా పెట్టినప్పుడు గీరుడు వినిపించుట ఈ దోషమునకు గుర్తు. అట్లు మార్చవలసివచ్చినచో రెండు ట్రాన్సిస్టర్లను, వాటికి నిద్రాభంగము చేయు ఆ చిన్న ఏర్పాటును కలిపి మార్చవలెను. అంత శ్రమ పడుటకన్న పాత రేడియో నుండి మరియొక జెర్మేనియమును సంపాదించుట సుళువు. ఓసి 72 స్థానమున అంతకన్న బలమైన ఏసి 128ను వేయుట మెకానిక్కులలో ఏనాటినుండియో పరిపాటి. తొమ్మిది వోల్టుల చిన్న యంత్రములో ఏసి 128 స్థానమున ఏసి 188 కూడ సరిపోవును.

జెర్మేనియమునకు మన ఎండలు గిట్టవు. వేడి పెరిగినకొలది దానిలో దొంగచాటున ప్రవహించు కరెంటు పెరుగును. సుమారు పది డిగ్రీలకు ఒకమారు రెట్టింపగును. ఆ కరెంటువలన మరింత వేడి, ఆ వేడివలన మరింత కరెంటు. అంతయు ఒక వలయముగా తిరిగి చివరకు ట్రాన్సిస్టరు తన్ను తానే దహించుకొనును. చల్లని దేశములో గీసిన పటము ప్రకారము చేసిన యంత్రము, పలనాటి రెంటచింతలలో మే నెల మధ్యాహ్నము రేకుల కప్పు క్రింద పాడవలసివచ్చినప్పుడు ఎట్లుండునో ఊహింపుడు. అందుచేత జెర్మేనియపు యంత్రములను మన ప్రాంతములో బాగుచేయునప్పుడు, క్రొత్తగా వేయుదానికి కరెంటును కొంచెము తగ్గించియే పెట్టవలెనని మా అభిప్రాయము. శబ్దములో రవ్వంత నాణ్యము తగ్గిన తగ్గవచ్చును, యంత్రము వేసవి దాటును.

తరువాత వోల్టు, అంపియరు, వాట్లు. వీనిలో ఎక్కువ దానిని పెట్టవచ్చును గాని తక్కువ దానిని పెట్టరాదు. పుస్తకములో ఒకే ట్రాన్సిస్టరునకు రెండు వోల్టేజీలు కనిపించును. వానిలో చిన్నదానినే లెక్కకు తీసికొనవలెను. యాంప్లిఫయరులో పైన 30, క్రింద 30 వోల్టులున్నచో చివరి ట్రాన్సిస్టరు చూచునది 60 వోల్టులు. దానికి సరిగా 60 వోల్టులే ఓర్చునది వేసినచో, రాత్రి కరెంటు ఎగసినప్పుడు పోవును. 80 గాని 100 గాని ఓర్చుదానిని వేయుట వివేకము. ఎస్‌ఎల్ 100, ఎస్‌కె 100 అని మన దేశములో వాడుకలో నుండిన లోహపు టోపీల జతకు బదులు బిడి 139, బిడి 140 జత చక్కగా పనికివచ్చును. మొదటిది మొదటిదానికి, రెండవది రెండవదానికి. ఆకారము వేరు, కాళ్ల వరుస వేరు, పని ఒక్కటే.

ఈ కాళ్ల వరుస మాట కొంచెము విస్తరించి చెప్పుదుము. బిసి 148 స్థానమున బిసి 548, బిసి 147 స్థానమున బిసి 547 గుణములో సరిగా సరిపోవును. కాని పాతదాని కాళ్ల వరుసను చూచి క్రొత్తదానిని అట్లే గ్రుచ్చరాదు. బిసి 547ను చదునైన ముఖము మనవైపునకు, కాళ్లు క్రిందికి పట్టుకొన్నచో ఎడమనుండి వరుసగా కలెక్టరు, బేసు, ఎమిటరు. జపాను 2ఎస్‌సి 1815ను అట్లే పట్టుకొన్నచో ఎమిటరు, కలెక్టరు, బేసు. అమెరికా 2ఎన్ 3904కు ఎమిటరు, బేసు, కలెక్టరు. చూపునకు మూడును ఒకే నల్లని గింజలు. కాళ్లకు సన్నని తొడుగు వేసి మెలిపెట్టి సరియైన రంధ్రములలో దింపవలెను. ఆ నెంబరు చివర ఏ, బి, సి అను అక్షరము కూడ చూడవలెను. బిసి 547లో ఏ అన్నచో హెచ్చింపు 110 నుండి 220 వరకు, బి అన్నచో 200 నుండి 450, సి అన్నచో 420 నుండి 800. ఎడమకు ఏ, కుడికి సి వేసినచో రెండు వైపులకు సమతూకము చెడవచ్చును.

సమతూకమన్న చోట మన ప్రాంతమువారికి వేరే చెప్పనక్కరలేదు. ఒంగోలు గిత్తలను జతకట్టునప్పుడు ఎత్తు, వయసు, నడక చూచి కాని కాడికి కట్టరు. ఒకటి బలిష్ఠము, ఒకటి నీరసము అయినచో బండలాగుడు పందెములో కాడి ఒకవైపునకే ఒరుగును. యాంప్లిఫయరు చివరనుండు రెండు ట్రాన్సిస్టర్లును అట్టి జతయే. ఒకటి తరంగములో పైభాగమును, రెండవది క్రిందిభాగమును లాగును. ఒకటి చచ్చినప్పుడు రెండింటిని కలిపి మార్చుట మేలు. ఇంకను చేయగలిగినచో కుడివైపు జతను కూడ మార్చి, ఆరోగ్యముగా ఉన్న ఆ పాత జతను పొట్లము కట్టి దాచుకొనుట మరింత మేలు. అది మరొక నాటికి అక్కరకు వచ్చును. కొందరు మెకానిక్కులు పది కొని వానిలో హెచ్చింపు దగ్గరగా ఉన్న రెండింటిని ఏరుదురు. విత్తనములు ఏరి పెట్టుకొను రైతు బిడ్డకు ఆ శ్రమ విలువ తెలియును.

2ఎన్ 3055 అను దానిని ప్రత్యేకముగా ప్రస్తావింపవలెను. ఊరి శ్రీరామనవమి పందిరిలో, పెండ్లి ఇంట, పరిషత్తు నాటకములో, కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల క్రింద మైకుసెట్టు మ్రోగినదన్నచో అందులో ఎన్నింటిలోనో ఈ గుడ్డి కన్నువంటి లోహపు బిళ్లలు పనిచేసినవి. అమెరికాలోని ఆర్‌సిఏ సంస్థ 1960 దశకము తొలినాళ్లలో తెచ్చిన ఈ సిలికాను ట్రాన్సిస్టరు 60 వోల్టులను, 15 అంపియర్లను ఓర్చును, వాట్లలో 115. ఆ నెంబరు నేటికిని దొరకును. కాని నెంబరు ఒక్కటే అయినను వస్తువు ఒక్కటి కాదు. తొలినాటి 2ఎన్ 3055 నెమ్మది మనిషి. దాని వేగము ఎనిమిది వందల కిలోహెర్ట్జుల ప్రాంతము. తరువాత వేరొక పద్ధతిని చేయబడినవి 25 లక్షల హెర్ట్జులను మించిన చురుకుగలవి. నెమ్మది మనిషిని ఉద్దేశించి గీసిన పాత పటములో ఈ చురుకైనవానిని కూర్చుండబెట్టినచో, మన చెవికి వినరాని కూతతో యంత్రము తనలో తాను ఊగిపోవుట కలదు. పాట లేకపోయినను రెక్కలు కాలుచుండును. చిన్న స్పీకరు చెప్పకుండ మాడిపోవును. ఇట్టి చోట మెకానిక్కు కలెక్టరునకు బేసునకు మధ్య ఒక చిన్న కండెన్సరు వేసి దానిని శాంతింపజేయును. అదే నెంబరు వేసితిమి గదా, ఏల కాలుచున్నదని ఆశ్చర్యపడువారు ఈ సంగతి గుర్తించవలెను.

1980 దశకపు యంత్రములు కొన్నింటిలో విడి ట్రాన్సిస్టర్లకు బదులు ఎస్‌టికె అను పేరుతో మొదలగు నల్లని దిమ్మ ఉండును. అందులో ట్రాన్సిస్టర్లన్నియు ఒకే పలకమీద మూసిపెట్టబడి ఉండును. దానిని విప్పి మార్చుటకు వీలు లేదు, దిమ్మకు దిమ్మయే.

ఇక నకిలీల బెడద. మన మిరపయార్డులో రంగు వేసిన కాయను పట్టుకొనగల చేతులే ఇచ్చటను కావలెను. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నపట్టణములో రిచీ వీధి, బెంగుళూరులో ఎస్‌పి రోడ్డు, ఈ మూడింటను వెదకినచో దొరకని నెంబరు అరుదు. కాని చౌకగా వచ్చునదంతయు అసలు కాదు. వేరొక చిన్న ట్రాన్సిస్టరు మీది ముద్రను గీకి, గొప్ప నెంబరును ముద్రించి అమ్మెడివారు లోకమంతటను ఉన్నారు. 2ఎస్‌సి 5200, 2ఎస్‌ఏ 1943 అను పెద్ద జతకు ఈ బాధ మెండు. పెద్ద లోహపు టోపీ లోపల గోరంత బదులు గోటి చివరంత సిలికాను ముక్కను పెట్టి మూసినవి కూడ వచ్చినవి. చేత పట్టుకొని బరువు చూచుట, అక్షరములను కొంచెము స్పిరిటుతో తుడిచి చూచుట, నాలుగు వస్తువులమీద ఒకే తేదీ ముద్ర ఉండియు అక్షరముల పోలిక వేరుగా ఉన్నదేమో గమనించుట, ఇవి మోటు పరీక్షలే గాని వ్యర్థము కావు. వీనికంటె నమ్మదగిన నిధి మరొకటి కలదు. మన పట్టణములలో ముప్పది, నలుబది యేండ్లుగా మైకుసెట్లు బాగుచేసిన పెద్దల వద్ద, బిస్కత్తు డబ్బాలలో, పనికిరాని పలకలనుండి ఊడదీసిన పాత ట్రాన్సిస్టర్లు కుప్పలుగా ఉండును. జెర్మేనియపు వాటిని పెద్ద సంస్థలు చేయుట మానివేసి చాలా యేండ్లైనది గనుక, ఆ డబ్బాలు ఇప్పుడు బంగారము. ఆ పెద్దలు దుకాణము మూసిన నాడు వారి పిల్లలు ఆ డబ్బాలను చెత్తలో పారవేయకుండ ఎవరైన చెప్పిన బాగుండును.

బిగించునప్పుడు ఒక జాగ్రత్త. పెద్ద లోహపు ట్రాన్సిస్టరునకు దాని ఒడలే కలెక్టరు. అది అల్యూమినియపు రెక్కలకు నేరుగా తగులరాదు. తగిలినచో విద్యుత్తు పెట్టెకు ప్రాకును. మధ్యను పలుచని అభ్రకపు రేకు ఉండవలెను. మన పొరుగున గూడూరు ప్రాంతపు గనులలో త్రవ్విన అభ్రకము ఎందులకు వాడుదురని అడిగెడి పిల్లలకు ఇదొక సమాధానము: విద్యుత్తును ఆపి, వేడిని మాత్రము పోనిచ్చు గుణము దానిది. పాత రేకు చిరిగినచో క్రొత్తది వేసి, రెండు ప్రక్కలను తెల్లని లేపనము పలుచగా పూయవలెను. దట్టముగా పూసినచో వేడి పోవుటకు మారుగా నిలిచిపోవును. బిగించిన పిమ్మట కలెక్టరునకు రెక్కలకు మధ్య మీటరు పెట్టి, తగులుట లేదని చూచుకొనవలెను.

తొలిసారి కరెంటు ఇచ్చునప్పుడు నేరుగా గోడ ప్లగ్గులో పెట్టరాదు. వైరింగు పనివారందరి వద్దను సీరీస్ బోర్డు ఉండును. దానిలో 60 గాని 100 గాని వాట్ల పాతకాలపు తంతుబల్బును పెట్టి, దాని ద్వారా యంత్రమునకు కరెంటు పంపవలెను. ఎల్‌ఇడి బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరసి, తరువాత మసకబారి నిలిచినచో లోపల క్షేమము. ఆరకుండ పూర్తిగా వెలుగుచున్నచో లోపల ఇంకను ఎక్కడో తాకిడి ఉన్నది. క్రొత్త ట్రాన్సిస్టరు బ్రతికియుండగనే ఆపివేయవలెను. చౌకైన బల్బు ఖరీదైన జతను కాపాడును. ఆ సమయమున స్పీకర్లను తగిలింపరాదు. స్పీకరు తీగెలు పోవు చోట మీటరు పెట్టి, నిలకడ వోల్టు సున్నకు చేరువగా, అనగా వోల్టులో పదియవ వంతునకు లోబడి ఉన్నదని చూచిన పిమ్మటనే స్పీకరు తగిలించవలెను. చివర కండెన్సరు ద్వారా స్పీకరునకు పోవు పాత రకములలో ఈ కొలత కండెన్సరునకు ముందు తీసినచో మొత్తము వోల్టులో సగము చూపవలెను.

యంత్రమును మెకానిక్కునకు ఇచ్చువారు ఈ మాటలన్నియు గుర్తుంచుకొననక్కరలేదు. మూడు కోరికలు కోరిన చాలును. తీసిన పాత ట్రాన్సిస్టర్లను తిరిగి ఇమ్మనుడు. ఏ నెంబరు స్థానమున ఏ నెంబరు వేసినదియు ఒక చీటీమీద వ్రాసి, మూత లోపలివైపున అంటింపుమనుడు. పదేండ్ల తరువాత వచ్చు మెకానిక్కు మిమ్ము దీవించును. మీ ఎదుట గంటసేపు పాడించి చూపుమనుడు. ఆ గంటలో మొదటి అరగంట పిమ్మట వెనుకనున్న రెక్కలమీద చేయి ఆనింపుడు. రెండు వైపులును ఒకే విధముగా వెచ్చగా ఉన్నచో పని కుదిరినట్లే. ఒకవైపు చల్లగా, ఒకవైపు చేయి పెట్టలేనంతగా ఉన్నచో డబ్బు ఇవ్వక, అక్కడనే మరల విప్పించవలెను. ఈ పరీక్ష ఫాల్గుణములో నెగ్గిన యంత్రమును మరల వైశాఖములో ఒకమారు తాకి చూడుడు; రెక్కలమీది దూదిని మెత్తని కుంచెతో దులిపి, గోడకు జానెడు దూరము జరిపి ఉంచుడు.